ఫైరింజన్ బిల్లు ఎవరి పేర రాయాలె?

ఏప్రిల్ వచ్చిందంటే హన్మకొండలో ఇంటి పన్ను కాగితాలు బయటికొస్తాయి. నెలాఖరులోపు కడితే అయిదు శాతం తగ్గింపు. ఆ ఆశ ఎవరికుండదు! మా మనవరాలు ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుని లైను లైనూ గట్టిగా చదివింది. చదివి ఆగి, "తాతా, లైబ్రరీకి సెస్సు ఉన్నది గాని ఫైరింజన్‌కు లేదేంది? వాళ్లకు పైసలు ఎవరిస్తరు?" అన్నది. అదే వారం వాళ్ల బడికి అగ్నిమాపక వారోత్సవాల పేరుతో ఎర్ర బండి వచ్చిపోయింది. గొట్టం పట్టుకుని ఫొటో కూడా దిగింది. ఆ ఊపు మీదున్న అనుమానం అది.

మంచి అనుమానమే బిడ్డా. మన రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో, పట్టణాలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో, అగ్నిమాపక సేవ కూడా ఉంది. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన జాబితా అది. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. మన దగ్గర మాత్రం అది రాష్ట్ర ప్రభుత్వ శాఖ. వరంగల్ బండి అయినా ములుగు బండి అయినా డీజిలు ఖర్చు రాష్ట్ర ఖజానా నుంచే రావాలి. అంటే నువ్వు కొన్న సబ్బు మీది జీఎస్టీలో ఓ చుక్క, మీ నాన్న పోయించిన పెట్రోలు మీది వ్యాటులో ఓ చుక్క ఆ గొట్టంలోకి పోతున్నాయన్నమాట. కాగితం మీద కనపడదు, అంతే.

"మరి 101కి ఫోన్ చేస్తే బిల్లు రాదా?" రాదు. మంట ఆర్పినందుకు ఎవరూ రసీదు పుస్తకం తియ్యరు. "గట్లెట్ల? ఆటోవాడు ఎక్కితేనే పైసలు తీస్కుంటడు. ఎవరిల్లు కాలితే వాళ్లు కట్టాలె గదా?"

చూడ్డానికి న్యాయంగానే ఉంది. వాడుకున్నవాడు కట్టాలి. మనలో చాలామంది పెద్దలు కూడా ఇదే మాట అంటారు. ఎందుకు కుదరదో చెప్పాలంటే ముందు మంట ఎలా పెరుగుతుందో చూడాలి.

ఫైర్ ఇంజనీర్లకు ఒక లెక్క ఉంది. రాజుకున్న మంట విడుదల చేసే వేడి, గడిచిన కాలం వర్గాన్ని బట్టి పెరుగుతుందని వాళ్లు తీసుకుంటారు. కాలం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఏ సరుకు ఎంత త్వరగా 1,000 కిలోవాట్ల వేడికి చేరుతుందన్నదాన్ని బట్టి మంటల్ని నాలుగు రకాలు చేశారు. నెమ్మదివాటికి 600 సెకన్లు, మధ్యరకానికి 300, జోరువాటికి 150, మహా జోరువాటికి 75. గుట్టగా పేర్చిన అట్టపెట్టెలు, చెక్క పలకలు జోరు రకంలో పడతాయి. రెండున్నర నిమిషాలకు 1,000 కిలోవాట్లు. అయిదు నిమిషాలకు 4,000. పది నిమిషాలకు 16,000. గదిలో గాలి అయిపోతే మంట ఆ లెక్క తప్పి కుంగుతుంది గానీ, కిటికీ అద్దాలు పగిలితే మళ్లీ అందుకుంటుంది.

ఇప్పుడు నీళ్ల వైపు చూద్దాం. మామూలు వాటర్ టెండర్‌లో 4,500 లీటర్లు పడతాయి. లీటరు నీళ్లను మన ఎండాకాలపు వేడి నుంచి మరిగించి ఆవిరి చేయడానికి సుమారు 2,500 కిలోజౌళ్ల వేడి ఖర్చవుతుంది. మంట నుంచి మనం గుంజుకునే వేడి అదే. పోసిన నీళ్లన్నీ ఆవిరి కావు. సగం పైగా నేల మీద పారి గుమ్మం దాటిపోతాయి. మూడో వంతు పనికొచ్చిందనుకుందాం. 4,000 కిలోవాట్ల మంటను అదుపు చేయడానికి నిమిషానికి 290 లీటర్ల దాకా కావాలి. అంటే బండిలో నీళ్లు పావుగంట వస్తాయి. అదే మంట 16,000కు చేరాక నిమిషానికి 1,150 లీటర్లు. నాలుగు నిమిషాలకు ట్యాంకు ఖాళీ! బండీ అదే, మనుషులూ వాళ్లే. మధ్యలో పోయింది అయిదు నిమిషాలు.

ఆ అయిదు నిమిషాలు ఎక్కడ పోతాయంటావు? ఫోన్ దగ్గర. బండి వస్తే వేల రూపాయల బిల్లు వేస్తారని ఊళ్లో తెలిసిందనుకో. గిర్మాజీపేటలో చిన్న కుట్టుమిషన్ల దుకాణం పెట్టుకున్నాయన పొగ చూడగానే ఏం చేస్తాడు? ముందు బకెట్ అందుకుంటాడు. పక్క దుకాణం పిల్లగాణ్ని కేకేస్తాడు. "మనమే ఆర్పేద్దాం, అనవసరంగా బిల్లెందుకు" అనుకుంటాడు. నేనైనా అంతే చేస్తా. ఆరితే సరి. ఆరకపోతే ఫోన్ చేసేసరికి మంట నాలుగింతలై ఉంటుంది, పక్క గోడ వేడెక్కి ఉంటుంది. బిల్లు భయం ఒకాయనది, కాలేది నాలుగు దుకాణాలు. వాడుకున్నవాడే కట్టాలన్న న్యాయం ఇక్కడ తిరగబడుతుంది. ఫోన్ చేసినవాడు తన ఇంటికోసమే చేసినా, లాభం వీధంతటిది.

అమెరికాలో దీన్ని ఇంకో రకంగా చేసి చూశారు. టెనెస్సీ రాష్ట్రంలో సౌత్ ఫుల్టన్ అనే చిన్న ఊరి ఫైర్ సర్వీసు, ఊరి హద్దు బయట ఉన్న ఇళ్లకు ఏడాదికి 75 డాలర్ల చందా పెట్టింది. 2010లో చందా కట్టని ఒకాయన ఇల్లు అంటుకుంది. బండి వచ్చింది. వచ్చి నిలబడింది. చందా కట్టిన పొరుగాయన పొలానికి మంట పాకితే అది ఆర్పింది గానీ, ఇంటి మీద చుక్క పోయలేదు. ఎంతైనా కడతానని ఆ ఇంటాయన అప్పటికప్పుడు అడిగినా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే రేపట్నుంచి ఇల్లు అంటుకున్నాకే అందరూ చందా కడతారని వాళ్ల వాదన. లెక్కకు నిలిచే వాదనే. కానీ బండి వచ్చాక, మనుషులు దిగాక, నీళ్లు సిద్ధంగా ఉండగా, ఆ ఇల్లు కాలిపోతుంటే చూడ్డానికి అయ్యే ఖర్చెంత, ఆర్పడానికి అయ్యే ఖర్చెంత? రెంటికీ తేడా కొన్ని వేల లీటర్ల నీళ్లే. ఖర్చంతా బండి అక్కడికి రాకముందే అయిపోయింది!

అసలు కిటుకు అక్కడుంది. ఫైర్ స్టేషన్‌కు మంట వల్ల ఖర్చు కాదు, మంట లేనప్పుడు ఖర్చు. రాత్రి రెండు గంటలకు కూడా డ్రైవరు మేలుకుని ఉండాలి. పొద్దున్నే పంపు ఆడించి చూడాలి, గొట్టాలు ఆరబెట్టాలి, బ్యాటరీ చూడాలి. ఏడాదిలో వంద మంటలు వచ్చినా రెండు వందలు వచ్చినా జీతాలు అవే. దేశంలోని స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ పెట్టిన కొలత ప్రకారం పట్టణంలో అయిదు నిమిషాల్లో, పల్లెలో ఇరవై నిమిషాల్లో మొదటి బండి చేరాలి. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో గంటకు 30 కిలోమీటర్ల వేగం దొరికితే గొప్ప. ఆ వేగానికి అయిదు నిమిషాల్లో పోయేది రెండున్నర కిలోమీటర్లు. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కే పది కిలోమీటర్లుంటుంది. ఎన్ని స్టేషన్లు కావాలో నువ్వే లెక్కేసుకో. అవి మంటల సంఖ్యను బట్టి కాదు, దూరాన్ని బట్టి కావాలి.

ఇదే సంగతి మన కరెంటు బిల్లులో ఇప్పటికే రాసి ఉంది. నక్కలగుట్టలో ఉన్న విద్యుత్తు పంపిణీ సంస్థ బిల్లులో యూనిట్ల లైను వేరు, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వేరు. ఇంటికి తాళం వేసి తిరుపతి పోయినా ఫిక్స్‌డ్ చార్జీ పడుతుంది. మిల్లులకైతే డిమాండ్ చార్జీ అని ఇంకా గట్టిగా పడుతుంది. ఎందుకు? నువ్వు స్విచ్ వేసిన క్షణాన కరెంటు ఉండాలంటే తీగ, ట్రాన్స్‌ఫార్మర్, మనిషి ముందే ఉండాలి. ఆ సిద్ధంగా ఉన్నందుకు ఒక ధర, వాడినందుకు ఒక ధర. ఫైర్ సర్వీసులో మొదటి లైను కొండంత, రెండో లైను గోరంత. కాబట్టి బిల్లు వేస్తే మొదటి లైనుకే వెయ్యాలి, అందరికీ వెయ్యాలి. ఇల్లు కాలినాయనకు రెండో లైను చూపించి గుంజడం తెలివి తక్కువ పని.

"అందరికీ ఎట్ల వేస్తరు?" అన్నది మనవరాలు. దీనికి లోకం చాలా దారులు తొక్కింది. రోమ్‌లో అగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 6లో రాత్రి గస్తీ, మంటలార్పే దళం కలిపి పెట్టి, బానిసల అమ్మకం మీద పన్నుతో దాన్ని నడిపాడు. పాపపు సొమ్మే గానీ, బిల్లు మాత్రం కాలిన ఇంటికి పంపలేదు. దానికి కొన్ని దశాబ్దాల ముందు అదే ఊళ్లో క్రాసస్ అనే ధనవంతుడు కాలుతున్న ఇళ్లనూ, భయపడ్డ పక్కిళ్లనూ కారుచౌకగా కొనేసేవాడని ప్లూటార్క్ రాశాడు. ఆపదలో ఉన్నవాడితో బేరం పెడితే ధర ఎలా తేలుతుందో దానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

లండన్ కథ మన వరంగల్ వాళ్లకు దగ్గరిది, ఎందుకంటే అందులో పత్తి ఉంది. 1666లో ఊరు కాలాక బీమా కంపెనీలు పుట్టాయి. అవి తమ పాలసీ ఉన్న ఇంటి గోడకు లోహపు బిళ్ల కొట్టి, సొంతంగా మంటలార్పే మనుషుల్ని పెట్టుకున్నాయి. బిళ్ల లేని ఇంటిని కాలనిచ్చి చూస్తూ నిలబడేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. పక్కన బిళ్ల ఉన్న ఇల్లుంటే మంట అక్కడిదాకా రానివ్వడం వాళ్లకే నష్టం కదా. 1833లో కంపెనీలన్నీ కలిసి ఒకే దళం పెట్టాయి. జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ దానికి అధిపతి. 1861 జూన్‌లో థేమ్స్ ఒడ్డున టూలీ స్ట్రీట్ గోదాములు అంటుకున్నాయి. లోపల జనుము, నార, పత్తి, కొవ్వు. గోడ కూలి బ్రెయిడ్‌వుడ్ చనిపోయాడు. నష్టం ఎంత పెద్దదంటే, ఊరంతటినీ కాపాడే బరువు ఇక మా వల్ల కాదని కంపెనీలు ప్రభుత్వానికి చెప్పేశాయి.

అప్పుడు 1865లో చట్టం చేశారు. ఖర్చు మూడు పాళ్లు. బీమా కంపెనీలు తాము బీమా చేసిన ప్రతి పది లక్షల పౌండ్ల ఆస్తికి 35 పౌండ్లు, ఇంటి పన్నులో పౌండుకు అర పెన్నీ, ప్రభుత్వం ఏటా 10,000 పౌండ్లు. కాలితే నష్టపోయేవాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు, రాజ్యం, ముగ్గురూ చెయ్యి వేశారు. నూట అరవై ఏళ్ల కిందటి పద్ధతే అయినా నాకు అందులో నీతి కనిపిస్తుంది.

పత్తి సంగతి ఎత్తాను కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. పత్తి పేరు చెప్పగానే ఫైర్‌మెన్‌కు నిద్ర ఎందుకు పట్టదో ఇంట్లోనే చూడొచ్చు. నిప్పు అక్కర్లేదు, గిన్నెలో నీళ్లు చాలు. చేలోంచి తెచ్చిన పత్తికాయలోని పత్తి కొంచెం, మందుల షాపులో దొరికే దూది కొంచెం, రెండూ నీళ్ల మీద వేయి. దూది చూస్తుండగానే నీళ్లు పీల్చి మునుగుతుంది. చేను పత్తి తేలుతూ కూచుంటుంది. వేలితో నొక్కినా పైకి లేస్తుంది. పత్తిపోగు మీద పుట్టుకతోనే సన్నని మైనం పొర ఉంటుంది. దూది తయారు చేసేటప్పుడు దాన్ని ఉడికించి తీసేస్తారు. ఇప్పుడు ఆ గిన్నెలో గిన్నెలు తోమే సబ్బు ఓ చుక్క వేయి. తేలుతున్న పత్తి మెల్లగా తడుస్తుంది.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి జిన్నింగు మిల్లులో బేలు అవుతుంది. బేలు బరువు 170 కిలోలు. గట్టిగా నొక్కి పట్టీలు బిగిస్తారు. నిప్పురవ్వ పడితే పైన మంట ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం నుసి నిప్పు పోగు పోగునా పాకుతుంది. పోగుల మధ్య చిక్కుకున్న గాలి దానికి చాలు. పై నుంచి నీళ్లు పోస్తే మైనం మీద జారిపోతాయి. అందుకే నీళ్లలో సబ్బులాంటి మందు కలుపుతారు. పట్టీలు కోసి, బేలును విప్పి, పీకి, తడిపి చూడాలి. రాత్రి ఆరిందనుకున్నది తెల్లారి మళ్లీ పొగ పెడుతుంది.

ఇంకో లెక్క. కిలో పత్తి కాలితే సుమారు 17 మెగాజౌళ్ల వేడి. ఒక బేలులో 2,900 మెగాజౌళ్ల దాకా. ఇందాకటి బండిలోని 4,500 లీటర్లూ ఒక్క చుక్క వృథా పోకుండా ఆవిరైనా గుంజుకునేది 11,250 మెగాజౌళ్లు. నాలుగు బేళ్లకే సరి! మూడో వంతే పనికొచ్చిందంటే ఒక బేలు పైచిలుకు. గోదాములో వందల బేళ్లుంటే ఒక బండి ఏం చేస్తుంది? ఒకటీ అరా అంటుకున్నప్పుడే రావాలి, లేదా అంటుకోకుండా చూడాలి.

నీ ఫొటోలోని ఆ ఎర్ర బండి ఏప్రిల్‌లోనే ఎందుకొచ్చిందో కూడా ఈ పత్తే చెబుతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ. అందులో పేలుడు సామగ్రి, దానితోపాటే పత్తి బేళ్లు. పత్తిలో నిప్పు రాజుకుంది. వందల టన్నుల నీళ్లు పోసినా లోపలి నిప్పు చావలేదు. చివరికి ఓడ పేలి, ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల గుర్తుగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు.

ఇక బిల్లుకు వద్దాం. మన తెలుగు పిల్లలు గుంపులుగా పోయి స్థిరపడిన మెల్‌బోర్న్, సిడ్నీలలో ఈ తగువే పెద్దది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో చట్టం ప్రకారం అత్యవసర సేవల ఖర్చులో 73.7 శాతం బీమా కంపెనీలు భరించాలి. అవి ఆ మొత్తాన్ని ప్రీమియంలో కలిపేస్తాయి. అంటే ఇంటికి బీమా చేయించిన జాగ్రత్తపరుడే కడతాడు. చేయించని పొరుగువాడికి అదే బండి ఉచితం. ప్రీమియం పెరిగే కొద్దీ ఇంకొందరు బీమా మానేస్తారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో 2009 నాటి అడవి మంటల తర్వాత విచారణ సంఘం ఈ పద్ధతి తప్పని తేల్చింది. 2013 జులై నుంచి అక్కడ బీమా వదిలి ఆస్తి మీద లెవీ వేశారు. న్యూ సౌత్ వేల్స్ 2017లో అదే చేయబోయి, అమలుకు నెల ముందు ఆపేసింది. కొందరి బిల్లులు ఒక్కసారిగా ఎగిరాయి మరి. పన్ను ఎంత న్యాయమైనా కాగితం మీద కొత్తగా కనబడితే గొడవే.

మన దగ్గర బీమా దారి అసలు పనికిరాదు. బ్యాంకు అప్పున్న మిల్లుకూ కోల్డ్ స్టోరేజీకీ బీమా ఉంటుంది గానీ, ఇళ్లకు ఎవరు చేయిస్తున్నారు? మిగిలింది ఆస్తి పన్ను. మహారాష్ట్రలో కొన్ని ఊళ్ల పన్ను బిల్లుల్లో ఫైర్ సెస్సు లైను పాతదే. కర్ణాటక 2023లో చట్టం సవరించి కొత్త ఎత్తయిన భవనాలకు ఆస్తి పన్ను మీద ఒక శాతం ఫైర్ సెస్సు పెట్టింది. అదే ఏడు కేంద్రం, పదిహేనో ఆర్థిక సంఘం సిఫార్సు మీద, రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్ల పథకం తెచ్చింది. మనలాంటి రాష్ట్రాలు తమ వంతు 25 శాతం కలపాలి. బండ్లు కొనడానికి అది మంచిదే. కొన్న బండిలో ఇరవై ఏళ్లు డ్రైవరు కూచోవాలంటే మాత్రం ఒకసారి వచ్చే గ్రాంటు సరిపోదు, ఏటేటా వచ్చే డబ్బు కావాలి.

నా మాట చెప్తా. ఇంటి పన్ను మీద ఒక శాతం ఫైర్ సెస్సు వెయ్యాలి. రెండు వేలు పన్ను కట్టే ఇంటికి ఇరవై రూపాయలు. రెండు లక్షలు కట్టే ఫంక్షన్ హాలుకు రెండు వేలు. ఎవరూ ఏడవరు.

ఏడ్చే అవకాశం ఇంకోచోట ఉంది, అదే నాకు భయం. గ్రంథాలయ సెస్సు చూడు. పన్ను రూపాయికి 8 పైసలు చొప్పున మనం ఏటా కడుతూనే ఉన్నాం. మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేర్చవన్న మొర రెండు తెలుగు రాష్ట్రాల్లో పాతపాట. వసూలు చేసేది ఒకరు, ఖర్చు పెట్టేది ఇంకొకరు అయితే మధ్యలో డబ్బు నిద్రపోతుంది. ఫైర్ సెస్సు కార్పొరేషన్ వసూలు చేసి, రాష్ట్ర శాఖ ఖర్చు పెట్టాలంటే అదే జబ్బు రావచ్చు. కాబట్టి మనం కట్టిన రోజే ఆ వాటా వేరే ఖాతాలో పడిపోవాలి. ఆన్‌లైన్‌లో కడుతున్న ఈ కాలంలో అదేం బ్రహ్మవిద్య కాదు. ఆ పని చేయలేకపోతే సెస్సు వెయ్యకుండా ఖజానా నుంచే నడపడం నయం.

ఇంకా చిక్కులున్నాయి. కాజీపేట రైల్వే జంక్షన్ మీద ఆస్తి పన్ను లేదు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తుల మీద అది చెల్లదు. సేవా చార్జీ పేరుతో కొంత కట్టే ఏర్పాటుంది, దాన్లో ఫైర్ వాటా కలపాలి. పల్లెల సంగతి మరీ వేరు. ఎండాకాలం గడ్డివాము అంటుకుంటే ఇరవై నిమిషాల్లో బండి రావాలంటే, ఆ గ్రామ పంచాయతీ ఇంటి పన్నుతో బండి టైరు కూడా రాదు. అక్కడ రాష్ట్ర ఖజానా తప్పదు. సబ్బు మీది జీఎస్టీ అక్కడికి పోనీ, ఇబ్బందేం లేదు.

అసలు పెద్ద లోపం ఇంకోటి. ఆస్తి పన్ను అపాయాన్ని కొలవదు. బేళ్లు నింపిన రేకుల షెడ్డుకు పన్ను తక్కువ, అందులోని మెగాజౌళ్లు ఎక్కువ. కాబట్టి గోదాములకు, షోరూములకు, ఎత్తయిన భవనాలకు వేరే రుసుము ఉండాలి, అదీ లోపల కాలగలిగిన సరుకును బట్టి. ఇన్ని బేళ్లు పడతాయి, ఇంత కట్టు. స్ప్రింక్లర్లు, సంపు, గోడలు సరిగ్గా ఉంటే తగ్గిస్తాం. అప్పుడు యజమానికి ఆ ఖర్చు పెట్టబుద్ధవుతుంది. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం, దాని నియమాల ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఉన్న నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆపైన ఉన్న వాణిజ్య భవనాలకు ఫైర్ శాఖ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌వోసీ) కావాలి. జనం గుమిగూడే బడులు, హాళ్లు అయితే ఆరు మీటర్ల ఎత్తుకే. కాగితం ఒకసారి తీసుకుంటే సరిపోదు. ఏటేటా వెళ్లి పంపు ఆడుతుందా, మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చారా అని చూసే మనుషులు కావాలి. రుసుము ఆ మనుషుల జీతానికి పోవాలి.

ఎందుకింత పట్టుపడుతున్నానంటే, బండి వచ్చేసరికే అయిపోయే మంటలు ఉంటాయి. 2018 జులై 4న మన కాశిబుగ్గ కోటిలింగాల ప్రాంతంలో బాణసంచా గోదాం పేలి కనీసం పదిమంది పోయారు. బాణసంచా మందులో ఆక్సిజన్ ఇచ్చే పదార్థం లోపలే కలిపి ఉంటుంది, నైట్రేట్లో పెర్‌క్లోరేట్లో. దానికి బయటి గాలితో పనిలేదు. గాలి ఆడకుండా కప్పి ఆర్పుదామంటే కుదరదు. రాజుకోవడం, పేలడం క్షణాల్లో పని. అయిదు నిమిషాల్లో కాదు, ఒక్క నిమిషంలో బండి వచ్చినా మిగిలేది శిథిలాల్లో వెతకడమే. అక్కడ పనికొచ్చే రూపాయి ముందే తనిఖీకి పెట్టిన రూపాయి.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. ఉద్యోగం వెతుక్కుంటూ వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి పోయిన పిల్లలు. వాళ్ల ప్రాణం తీసింది పొగ. గాలి చాలని మంటలో కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. కాళ్లు మొరాయించేదాకా తెలియదు. పొగ రాని మెట్లదారి ఒకటి, మూసి ఉంచితే మూసి ఉండే తలుపు ఒకటి, ఇవి ఫైరింజన్ కన్నా చాలా చవక. కానీ చవకైన దాన్ని ఎవరో ఒకరు వెళ్లి చూడాలి కదా.

"అయితే ఎవ్వరికీ బిల్లు వెయ్యొద్దా తాతా?" ఎందుకు వెయ్యొద్దు, వెయ్యాల్సినవాళ్లకు గట్టిగా వెయ్యాలి. ఎగ్జిబిషన్ పెట్టి టికెట్లు అమ్ముకునేవాడు గేటు దగ్గర బండి నిలపమంటే గంటల లెక్కన కట్టాలి. ఆ బండి అక్కడున్నంత సేపు ఊరికి ఒకటి తక్కువ. సెల్లారులో వాన నీళ్లు నిండితే తోడిపెట్టమని అడిగే షాపింగ్ కాంప్లెక్సూ కట్టాలి. మెట్లకు తాళం వేసి ఉంచినవాడికి, పంపు పాడైందని రెండుసార్లు రాసిచ్చినా కదలని యజమానికి మంట ఆరాక, విచారణలో తప్పు తేలాక, బండ్ల ఖర్చు మొత్తం వెయ్యాలి. వేళాకోళానికి 101 కొట్టే పెద్దమనుషులకూ అంతే. చిన్నపిల్లలు కొడితే మాత్రం స్టేషన్‌కు పిలిచి గొట్టాలు ఆరబెట్టించాలి. నీ స్నేహితులకు చెప్పు.

ఇంకొకళ్లున్నారు. మడికొండ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి వీచినప్పుడు వేసవిలో ఆ పొగ పీల్చినవాళ్లకు తెలుసు. చెత్త గుట్ట లోపల కుళ్లి మీథేన్ ఊరుతుంది, పైన ప్లాస్టిక్, గుడ్డ పేలికలు. పత్తి బేలు లాగే లోలోపల రాజుకుంటూ పోతుంది. అలాంటి గుట్ట మీద ఒక బండి రోజంతా నీళ్లు కొడుతుంటే, ఆ రోజంతా ఊరికి ఒక బండి లేనట్టే. ఆ బిల్లు గంటల లెక్కన రాసి నేరుగా కార్పొరేషన్ పేరు మీద పంపాలి. నాలుగైదు వేసవులు అలా పంపితే, తడి చెత్త పొడి చెత్త వేరు చేసే యంత్రం ఖరీదు ఎక్కువా, ఈ బిల్లులు ఎక్కువా అన్న కూడిక వాళ్ల అకౌంట్స్ సెక్షనే వేస్తుంది.